రెండు బీగాల మోటారు రూము

మా ఊరు రెండుగుండ్లపల్లి. చిలమత్తూరు దాటి కర్ణాటక వైపు పోయే బస్సెక్కితే కుడిపక్క కిటికీలోంచి రెండు రాతి గుండ్లు కనబడతాయి. ఒకటి ఏనుగంతది, పక్కన ఏనుగుపిల్లంతది. ఒకప్పుడు అవి రెండూ ఒకటే గుండు. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, కళ్లారా చూసి చెప్పిన మాట ఇది. ఏడేళ్లు వరసగా వాన లేక గుండు పెనంలా కాగి ఉండగా, ఆకాశం నుంచి ఒకే ఒక్క చినుకు రాలింది. గుమ్మడికాయంత చినుకు. సరిగ్గా గుండు నడినెత్తిన పడింది. ఫట్‌మని గుండు రెండైంది. ఆ చినుకు రెండు ముక్కల సందులో ఆరు నెలలు నిలిస్తే ఊరంతా తాగి, మిగిలినదాంతో రెండు జతల ఎద్దులను కడిగారు. నమ్మకపోతే వచ్చి చూసుకోండి. చినుకు ఇప్పుడు లేదు గాని గుండ్లు ఉన్నాయి.

నా పేరు నరసింహప్ప. ఆ పెద్దగుండు నీడలో ఐదో తరగతి దాకా చదివాను. నేను చెప్పే పది మాటల్లో తొమ్మిది నమ్మవద్దని మా ఊళ్లో పిల్లలకు అన్నం తినిపించేటప్పుడే నేర్పుతారు. ఇప్పుడు చెప్పబోయేది ఆ పదో మాట.

పెద్దగుండు కింద మేముంటాం, తెలుగువాళ్లం. చిన్నగుండు కింద కన్నడం మాట్లాడేవాళ్లు ఉంటారు. మధ్యలో వంక. వంక అంటే నీళ్లు గుర్తొస్తాయేమో, మా వంకలో ఇసుక పారుతుంది. వాళ్లు ఈ ఊరికి వచ్చి ఐదు తరాలైంది, మేం వచ్చి ఆరు. ఆ ఒక్క తరం ముందొచ్చినందుకు ఊరు మాదని మావాళ్లు అంటారు. చిన్నగుండు కింద మనిషి నిలిచాకే పెద్దగుండుకు దారి తెలిసిందని వాళ్లంటారు.

ఇరవై ఆరేళ్ల కిందట బస్సు ఆగేచోట ఊరిపేరు బోర్డు నాటారు. పైన తెలుగు అక్షరాలు, కింద కన్నడ అక్షరాలు. ఎవరో కింది అక్షరాలకు తారు పూశారు. మరుసటి దినం ఎవరో పై అక్షరాలకు పూశారు. అంతటితో ఆగి ఉంటే రెండు డబ్బాల తారుతో పోయేది. ఆగలేదు. ముగ్గురు మనుషులు పోయారు. ఒకడు మా అన్న ఎర్రిస్వామి. ఇంకొకడు చిన్నగుండు తిప్పేస్వామికి తమ్ముడు, కుళ్లాయప్ప. మూడోవాడు ఏ గుండు కిందివాడూ కాదు, బస్సు కోసం నిలబడిన పొరుగూరి మనిషి. ఈ సంగతిలో నేను ఒక్క అక్షరం కూడా పెంచలేదు.

రెండేళ్లు మా బడిలో పిల్లల బదులు పోలీసులు ఉన్నారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. రాజీ కుదిరిందని సర్కారు వంక గట్టున ఒక బోరు వేయించింది. అంతకు ముందు ఊళ్లో తొమ్మిది బోర్లు వేస్తే తొమ్మిదింటిలోనూ దుమ్మే లేచింది. పదోదానిలో ఏడువందల ఎనభై అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి, తియ్యటి నీళ్లు. నీళ్లతో పాటు భయమూ వచ్చింది. మోటారు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు రెండో పక్కను ఎండగట్టరా?

అప్పుడు ఒక ముసలి పెద్దమనిషి ఏర్పాటు చెప్పాడు. మోటారు రూముకు ఒకటే రేకు తలుపు. దానికి పైన ఒక గొళ్లెం, కింద ఒక గొళ్లెం. పై గొళ్లేనికి పెద్దగుండు బీగం, కింది గొళ్లేనికి చిన్నగుండు బీగం. తాళాన్ని మేమూ బీగమే అంటాం, వాళ్లూ బీగమే అంటారు. అంత కొట్లాటలోనూ ఆ మాటను ఎవరూ రెండు చేసి పంచుకోలేదు. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకోవాలి. మరి బీగం చెవులు ఎవరి దగ్గర ఉండాలని అడిగితే, చచ్చినవాళ్ల ఇళ్లలో ఉండాలన్నాడు.

“కోపం ఎవరికి ఎక్కువుందో వాని చేతిలో పెట్టండప్పా. కోపం లేనోనికి ఇస్తే వాడు పండుకోని నిద్రపోతాడు.”

అట్లా మా పక్క నాకు, వాళ్ల పక్క తిప్పేస్వామికి వచ్చాయి చెవులు. ఇంకో నియమం కూడా పెట్టాడు. ఆ రోజుల్లో నీళ్లలో ఏమన్నా కలుపుతారని రెండు పక్కలా దిగులు. అందుకని పొద్దున మోటారు వేయగానే పైపుల్లో వచ్చే మొదటి నీళ్లు చెవులు పట్టినవాళ్లే తాగాలి. అదీ తారుమారుగా. చిన్నగుండుకు పోయే పైపు నీళ్లు నేను దోసిటపట్టి తాగాలి, పెద్దగుండు పైపు నీళ్లు తిప్పేస్వామి తాగాలి. మేం తాగి, ఇంకా నిలబడే ఉన్నామని చూశాకే ఆడవాళ్లు బిందెలు పెడతారు.

మొదటి ఆరు నెలలు ఆయనా నేనూ మాట్లాడుకోలేదు. బీగం తీయడం, తాగడం, మూతి తుడుచుకోవడం, పోవడం. ఒకనాడు తాగుతుండగా నాకు పొలమారింది. దగ్గు ఆగలేదు. విషమే అనుకుని ఆడవాళ్లు బిందెలు కిందపడేశారు. తిప్పేస్వామి పరుగున వచ్చి నా నడినెత్తిన రెండు దెబ్బలు వేశాడు.

“సావాకప్పా నరసింహా. ఇప్పుడు నువ్వు సస్తే నన్నంటారు.”

“ఎవరో తలుసుకుంటాండారు తిప్పన్నా. ఈ దగ్గు చూస్తే ఎవరో పెద్ద ఆఫీసరే ఉండాల.”

ఆయన నవ్వలేదు. కానీ మరుసటి పొద్దున “ఊట ఆయ్తా?” అన్నాడు. అన్నమైందా అని. ఏనుగు తలంత రాగిముద్ద తిన్నానని చెప్పాను. అప్పటి నుంచి రోజూ ఆయన అదే అడుగుతాడు, నేను రోజూ ఇంకొంచెం పెద్ద ముద్ద చెబుతాను.

పద్నాలుగేళ్ల కిందట ఒక శ్రావణమాసం పొద్దున ఆయన చెవి తిప్పితే చెవి విరిగింది. సగం చేతిలో, సగం బీగం కడుపులో. బీగం నోరు తెరుచుకునే ఉండిపోయింది. నొక్కితే మూసినట్టు కనబడుతుంది, పట్టి లాగితే ఊడొస్తుంది. ఆడవాళ్లు ఇంకా రాలేదు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది.

“కొత్త బీగం తెప్పీ తిప్పన్నా. అంతే గదా,” అన్నాను.

“ఎట్ల తెప్పీల? ఇది రాజీ బీగం. పెద్దమనుషులు దీనికి ఉలితో గాటు పెట్టి ఇచ్చినారు. మార్సాలంటే రెండు పక్కలోళ్లనూ పిలిపీల. ఇది ఎన్ని దినాల నుంచి తెరుసుకోని ఉండాదో అని మావాళ్లు లేస్తారు. తమ్ముడు పోతే ఇచ్చిన బీగాన్ని తిప్పేస్వామి పెద్దగుండోళ్లకు అమ్ముకున్నాడంటారు.”

అవి మంచి రోజులు కావు. ఆ నెలలోనే ఒక మేక కనబడకపోతే రెండు పక్కలా కట్టెలు బయటికి తీశారు. నాలుగు దినాలు పోనీ, తర్వాత చెబుదామనుకున్నాం. నాలుగు దినాలు దాచిన మాటను బయటికి తీయవచ్చు. ఏడాది దాచితే దానికి వేర్లొస్తాయి. ఎవరికీ చెప్పనని నేను పెద్దగుండు మీద చెయ్యిపెట్టి ఒట్టు వేశాను. అప్పటి నుంచి తిప్పేస్వామి మొలతాటికి కట్టుకున్న సగం చెవిని తీసి, బీగం మీదికి ఒంగి, తిప్పినట్టు మణికట్టు ఆడించి, లాగేవాడు. మొదట్లో బాగా చేసేవాడు కాదు, నేనే నేర్పాను.

ఊరికంతా అబద్ధాలు పంచే నా కడుపులో అట్లా ఒక నిజం చేరి కూర్చుంది. నాకు అరగని వస్తువు అదొక్కటే.

ఇక ఈ ఏటి సంగతి. చనిపోయిన కుళ్లాయప్ప కొడుకు విజయభాస్కర్‌ను తిప్పేస్వామే పెంచి చదివించాడు. అతడు కర్ణాటకలో ఒక బడిలో పాఠాలు చెబుతాడు, రోజూ బండి మీద పోయివస్తాడు. చిన్నగుండుకు వేరే పంచాయతీ కావాలని రెండేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు. చిన్నగుండు బడిలో కన్నడం టీచరు పోయి నాలుగేళ్లయింది, ఇంకొకరు రాలేదు. ఓట్లు మాకు ఎక్కువ కాబట్టి సర్పంచి ఎప్పుడూ మా పక్కే. బస్సు బోర్డు మీద పై అక్షరాలు కొత్తగా రాయించారు, కింది అక్షరాల తారు ఇప్పటికీ అట్లాగే ఉంది. అతడు చెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు. అబద్ధాన్ని గుర్తుపట్టడంలో నాకు కొంత అనుభవం ఉంది.

మా పక్క మా అన్న ఎర్రిస్వామి కొడుకు రామాంజులు. ట్రాక్టరు తోలుతాడు. “పోతే పోనీప్పా, పీడ పాయ. బోరు మాత్రం వంకకు ఇవతల ఉండాది. అది మాది,” అని టీ అంగడి దగ్గర రోజూ అంటాడు.

ఊరు చీలాలంటే గ్రామసభలో తీర్మానం కావాలి. బోరు ఎవరిదో కూడా ఆ సభలోనే తేలాలి. పంచాయతీ కార్యదర్శి ఎస్తేరు తేదీ పెట్టింది. ఆమె యాడికి అనే ఊరి వైపు మనిషి, రెండు గుండ్లకూ బయటిది. అందుకే రెండు పక్కలవాళ్లూ ఆమె మాట వింటారు, రెండు పక్కలవాళ్లూ ఆమెను తిడతారు. సభ మోటారు రూము ముందే పెట్టాలని విజయభాస్కర్ అడిగాడు. అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్లూ చిన్నగుండును కాపాడింది ఆ బీగం. దాన్ని ఆఖరుసారిగా దొడ్డప్ప చేత, అంటే పెదనాయన చేత, అందరి ముందూ తీయించి, బంతిపూల మాల వేసి, కొత్త పంచాయతీ ఆఫీసు గోడకు తగిలించాలి.

ఈ మాట తెలిసిన పొద్దున తిప్పేస్వామి దోసిట్లో నీళ్లు తాగకుండానే కారిపోయాయి.

“నరసింహా, వాడు దానికి మాలేస్తాడంట.”

“ఏయనీ తిప్పన్నా. నాకు బతికుండంగా ఎవరూ ఏయలా, బీగానికన్నా ఏస్తాండారు.”

“నవ్వులాట గాదు. నలుగురి ముందర చేతిలోకి తీసుకుంటారు, తిప్పి చూస్తారు. నాయన పోయినాక ఆ బిడ్డకు నా మీద తప్ప ఎవరి మీదా నమ్మకం ల్యా. ఇన్నేండ్లు వానికి గూడా చెప్పకుండా దాసినానని తెలిస్తే, నేను వాని మొగం ఎట్ల సూడల్ల?”

ఆయన మళ్లీ దోసిలి పట్టి తాగాడు. మూతి తుడుచుకోవడం మరిచిపోయి ఇంటికి పోయాడు.

అట్లాంటి బీగమే ఇంకోటి తెచ్చి, గాటు పెట్టించి, ఎవరికీ తెలియకుండా తగిలిస్తానని ధైర్యం చెప్పి నేను హిందూపురం పోయాను. నాలుగు ఇనుప సామాన్ల అంగళ్లు తిరిగాను. నాలుగో అంగట్లో శెట్టి నేను గీసి తెచ్చిన బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“ఏమి తాతా, ఇది మా నాయన అమ్మిన బీగం. ఇప్పుడు యాడ దొరుకుతాది? ఇంతకూ దీంతో ఏం కాపాడుతాండావు, బంగారమా?”

“నీళ్లప్పా.”

“అయితే బంగారమే,” అని శెట్టి సోడా తాగించి పంపాడు.

వట్టి చేతులతో తిరిగి వచ్చి, తిప్పేస్వామిని గుండు నీడన కూర్చోబెట్టి రెండో ఉపాయం చెప్పాను.

“సభ దినం నేనే లేసి చెప్తా. నిన్న సాయంత్రం బీగం మీద పిడుగు పడె, లోపలంతా కరిగిపాయ, నేను కండ్లారా చూస్తి అంటా.”

“మబ్బే ల్యా. పిడుగు యాడ నుంచి వచ్చె?”

“ఒక్క చినుక్కు గుండు రెండు కాలేదా?”

తిప్పేస్వామి లేచి పంచె దులుపుకున్నాడు.

“నీ అబద్ధం గట్టిగానే ఉంటాది నరసింహా. బేడ, వద్దు. దాని కింద నేను నిద్రపోలేను.”

సభ రోజు పొద్దున తొమ్మిదికల్లా రెండు పక్కలవాళ్లూ వచ్చారు. వంకకు అటువైపు వాళ్లు, ఇటువైపు మేము. ఆడవాళ్లు బిందెలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. ఎస్తేరు స్కూటరు దిగి, ఫైలు తెరిచి, కొలతలు చదివింది. వంకే గీత. బోరు గీతకు పన్నెండు అడుగులు మా వైపు ఉంది. రెండు పంచాయతీలైతే బోరు సంగతి ఏం చేద్దామని అడిగింది.

“దాంట్లో అడిగేదేముంది మేడం?” రామాంజులు లేచాడు. “గీతకు అవతలిది వాళ్లది, ఇవతలిది మాది. వాళ్ల బీగం వాళ్లు తీసుకోని పోతే మా బీగం ఒకటే సాలు.”

“ఇన్నారా మేడం?” విజయభాస్కర్ కూడా లేచాడు. “ఇదీ వాళ్ల మనసులో మాట. ఈ బీగమే లేకుంటే ఇరవై నాలుగేండ్ల కిందటే మమ్మల్ని ఎండబెట్టి సంపేటోళ్లు. వీళ్ల మంచితనం కాదు మమ్మల్ని కాపాడింది. ఈ ఇనుము. దొడ్డప్పా, రా. అందరూ సూసేటట్ల తీయి.”

చేతిలో బంతిపూల మాల పట్టుకుని నిలబడ్డాడు. తిప్పేస్వామి లేచాడు. నేను పిడుగును సిద్ధంగా నాలిక మీద పెట్టుకున్నాను. ఆయన నా వైపు చూసి వద్దన్నట్టు తల ఆడించాడు. తలుపు దగ్గరికి పోయి, మొలతాటి నుంచి సగం చెవిని తీసి, అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. తర్వాత రెండు వేళ్లతో బీగాన్ని లాగాడు. అది చెట్టు నుంచి పండిన సీతాఫలం ఊడినట్టు ఊడి చేతిలోకి వచ్చింది.

“ఇది పద్నాలుగేండ్ల నుంచి ఇంతే భాస్కరా,” అన్నాడు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకేసారి అందరూ అరిచారు.

“నాకు గూడా చెప్పలే దొడ్డప్పా,” అన్నాడు విజయభాస్కర్. అతడొక్కడే అరవలేదు.

“చెప్పలే. తప్పే. చెప్తే ఊరు మళ్లా లేస్తాదని మొదట భయపడితి. తర్వాత నీకే భయపడితి.”

“ఇంకెవరికి తెలుసు?”

“నరసింహకు తెలుసు.”

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. “అంటే ఈయప్ప పై బీగం తన చెవితో తీసి, కిందిదాన్ని లాగి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక్కడే మోటారు వేసుకోని ఉండొచ్చు గదా!” అని చిన్నగుండు వైపు నుంచి ఎవరో అరిచారు.

“వేసుకోలా,” అన్నాడు తిప్పేస్వామి. “ఆ మాటకొస్తే నేను గూడా వేసుకోని ఉండొచ్చు. ఆయప్ప బీగం మాత్రం బాగుండాదా? వచ్చి చూడు మేడం. ఆయప్ప తిప్పేది బీగం చెవే కాదు, ఇంట్లో పెట్టె చెవి.”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇంతసేపూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. పదకొండేళ్ల కిందట నా చెవిని మా మేక మింగింది. మూడు దినాలు దాని వెనకే తిరిగాను. అది కొండంతా మేసింది గాని నాకు కావలసింది మాత్రం వదల్లేదు. నాలుగో దినం గతిలేక మా పాత ఇనప్పెట్టె చెవి పెట్టి చూస్తే బీగం తెరుచుకుంది. అరిగి అరిగి దానికి ఏ చెవైనా ఒకటే అయిపోయింది. ఈ సంగతి తిప్పేస్వామికి కూడా తెలియదనే నేను ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను.

ఎస్తేరు లేచి వచ్చి, తన స్కూటరు చెవి తీసి నా బీగంలో పెట్టి తిప్పింది. టక్‌మని తెరుచుకుంది. ఆమె ఆ చెవిని చూసింది, బీగాన్ని చూసింది, నన్ను చూసింది. నా జన్మలో మొట్టమొదటిసారి నోట్లోకి ఏ కథా రాలేదు.

“చిన్నాయనా.” రామాంజులు నా ముందుకొచ్చాడు. గొంతు చిన్నగా ఉంది, దానికే నాకు ఎక్కువ భయమేసింది. “ఎనిమిదేండ్ల కిందటి కరువేట మనిషికి రెండు బిందెలు, పక్కకు అరగంట మోటారు. నా జత ఎద్దులు నాలుకలు బయటపెడితే సంతకు తోలుకోని పోయి అమ్మేస్తి. ఒక్క గంట మోటారు వేసింటే నిలిచేటివి. రెండు బీగాలూ తెరుసుకోనే ఉండాయని నీకు తెలుసు.”

“తెలుసు.”

“తెలిసీ సూస్తా ఉంటివా?”

“సూస్తా ఉండలే రామాంజులూ,” అన్నాను. “నువ్వు పలుపులు పట్టుకోని సంతకు పోయిన మజ్జానం నేను ఈడికి వచ్చినా. పై బీగం తీసేసినా. కిందిదాని మీద చెయ్యి గూడా పెట్టినా. అంతలో అవతల వరసలో ఖాళీ బిందెలు కనబడె. మరుసటి పొద్దుటికని చిన్నగుండు ఆడోళ్లు ముందే పెట్టి పోయిన బిందెలు. లెక్క పెట్టలే గాని శానా ఉండె. మళ్లా బీగం వేసి, గడప మీద కూసుంటి. పొద్దు గుంకినాక ఇంటికొస్తి.”

నేను చెప్పిన మాటను మా ఊళ్లో ఎవరూ నవ్వకుండా విన్నది అదే మొదలు. నమ్మారో లేదో తెలియదు. నమ్మించింది తిప్పేస్వామి.

“నిజమే,” అన్నాడు. “నేను గుండు సాటున ఉంటి.”

“నువ్వు ఆడ ఏం చేస్తాంటివి తిప్పన్నా?” నేనే అడిగాను. నాకే తెలియదు మరి.

“అదే పనికి వచ్చింటి. మా ఇంట్లో బాలింత ఉండె, నీళ్లు ల్యా. మేకు తీసుకోని వచ్చింటి నీ బీగానికి. వస్తే నువ్వు గడప మీద కూసోనుండావు. ఎప్పుడు లేస్తావా అని సూస్తి. నువ్వు లేయలా. నాకు సిగ్గేసి పోతి.”

మా వదిన నల్లమ్మ, అంటే ఎర్రిస్వామి భార్య, రామాంజులు తల్లి, బోర్లించిన బిందె మీద కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఆమె సభల్లో నోరు తెరవదు.

“తూ, మీ మొగాలు మండ,” అంది. “ఇద్దరు ముసలోళ్లు ఏమీ లేని బీగాలు వంగి వంగి తిప్పుతాంటే, మనం రోజూ బిందెలు పెట్టుకోని వాటికి ఉగాదికుగాదికి పసుపు కుంకుమ పూస్తిమి. ఎవరన్నా నవ్వండప్పా, లేకుంటే నాకు ఏడుపొస్తాది.”

ముందు వంకకు అటువైపు ఒక ముసలామె కిసుక్కుమంది. తర్వాత ఇటు. రామాంజులు నవ్వలేదు. విజయభాస్కర్ కూడా నవ్వలేదు. అతని చేతిలో మాల ఎండకు వాడుతోంది.

ఇంతటితో అందరూ వంక దాటి కౌగిలించుకున్నారని రాయాలని నాకూ ఉంది. అట్లా జరగలేదు. ఎస్తేరు చేతులెత్తమంది. చిన్నగుండు చేతులన్నీ లేచాయి. మా పక్క సగం లేచాయి. తిప్పేస్వామి ఎత్తాడు, నేనూ ఎత్తాను. వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలో చదువు చెప్పే మనిషి రావాలంటే ఇదొక్కటే దారైతే, ఎత్తక ఏం చేయను? ఊరు రెండు పంచాయతీలు కావాలని తీర్మానమైంది.

బోరు దగ్గర మాత్రం తెగలేదు. ఉమ్మడిగా ఉంచుదామని ఎస్తేరు అంది. రామాంజులు తల అడ్డంగా ఊపాడు.

“ఉమ్మడే కానీ మేడం. బీగాలు మాత్రం కొత్తవి పెట్టాల, గట్టివి. ఈ ముసలోళ్లిద్దరికీ చెవులు ఇయ్యొద్దు.”

“ఆ మాట నేనూ ఒప్పుకుంటా,” అన్నాడు విజయభాస్కర్. ఇద్దరూ ఒకే మాట మీదికి రావడం అదే మొదటిసారి. అది గమనించుకుని ఇద్దరూ చిరాకుపడ్డారు.

“మరి చెవులు ఎవరికిద్దాం?” అంది ఎస్తేరు.

తిప్పేస్వామి గొంతు సవరించుకున్నాడు. “రాజీలో దానికి మాట ఉండాది మేడం. చచ్చినోళ్ల ఇంట్లో ఉండాల చెవి. అందులో గూడా కోపం ఎవరికి ఎక్కువుందో వానికియ్యాల.”

అందరూ రామాంజులును చూశారు. తర్వాత విజయభాస్కర్‌ను చూశారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అంతకన్నా కోపంగా చూసుకునే మనుషులు మా రెండు గుండ్ల కిందా లేరు.

“నాకు పొద్దున్నే బడి ఉండాది,” అన్నాడు విజయభాస్కర్.

“నాకు ట్రాక్టరు ఉండాది,” అన్నాడు రామాంజులు.

“నాకు మాత్రం వరసలో బిందె ఉండాది,” అంది నల్లమ్మ.

ఎస్తేరు ఇద్దరి పేర్లూ రాసేసింది. విజయభాస్కర్ చేతిలోని మాలను ఏం చేయాలో తెలియక, లోపలికి పోయి మోటారుకు వేసి వచ్చాడు.

మూడో దినం కొత్త బీగాలు వచ్చాయి. ఆ పొద్దున నేనూ తిప్పేస్వామీ పనిలేకపోయినా పోయి గుండు నీడన కూర్చున్నాం. బీగాలు నిజంగానే పడ్డాయి, నిజంగానే తెరుచుకున్నాయి. నాకు అదోలా ఉండింది. మోటారు వేశారు. ఏడువందల ఎనభై అడుగుల కింది నుంచి గురగురమని నీళ్లొచ్చాయి. రామాంజులు మా పైపు కింద దోసిలి పట్టాడు.

“ఆ పైపు కాదు నాయనా!” అని రెండు పక్కల ఆడవాళ్లూ ఒక్కసారి అరిచారు.

అతడు నాలిక కరుచుకుని చిన్నగుండు పైపు దగ్గరికి జరిగాడు. విజయభాస్కర్ మా పైపు దగ్గరికి వచ్చాడు. ఎవరు ముందు తాగుతారా అని దోసిళ్లు పట్టుకుని నిలబడ్డారు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆడవాళ్లు బిందెలతో ఎదురుచూస్తున్నారు. రామాంజులు కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. తాగి, మూతి తుడుచుకుని, అవతలివాణ్ణి చూశాడు.

“తాగప్పా. నేను బతికే ఉండాను గదా.”

విజయభాస్కర్ తాగాడు. వరసలో మొదటి బిందె చప్పుడైంది.

“ఊట ఆయ్తా?” అన్నాడు తిప్పేస్వామి నా పక్కన.

“అయింది తిప్పన్నా. ఈ పొద్దు ముద్ద చిన్నగుండంత.”

“పెద్దగుండంత తినాల్సింది.”

“కొంచెం నీకు మిగిలిచ్చినా,” అన్నాను.